పాత రిమ్స్ కాడ దిగాల



కడపలో ఏ ఆటో అయినా ఆపి "పాత రిమ్స్ కాడ దిగాల" అని చెప్పి చూడండి. ఆటో ఆయన మారుమాట అనడు. మీసం సరిగా రాని పిల్లోడైనా, తల నెరిసిన పెద్దాయనైనా తిన్నగా తీసుకుపోయి ఊరి నడుమ ఉన్న పాత ఆసుపత్రి గేటు ముందు దింపుతాడు. ఇందులో వింతేముందంటారా? ఆ ఆవరణ ఎన్నో ఏండ్లు జిల్లా ఆసుపత్రిగా ఉండింది. జనం నోట్లో అది పెద్దాసుపత్రి. రిమ్స్, అంటే రాజీవ్ గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్, అన్న మాట ఈ ఊరికి వచ్చిందే 2006లో. తర్వాత ఆ రిమ్స్ కాస్తా ఊరి బయట పుట్లంపల్లెకు పోయింది. పోయినదాని పేరు మాత్రం ఇక్కడ అంటుకుని ఉండిపోయింది. మా పల్లెల్లో ఇల్లు అమ్ముకుని పోయినవాని పేరుతోనే ఆ ఇంటిని మూడు తరాలు పిలుస్తారే, అట్లా.

పుట్లంపల్లె ఆసుపత్రి పేరు ఇప్పుడు కాగితాల్లో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి. జనానికి ఆ పేరుతో పనిలేదు. వాళ్లకు అది రిమ్స్, ఇది పాత రిమ్స్. గవర్నమెంటు పెట్టిన పేరు ఎంతకాలం నిలుస్తుందో గవర్నమెంటు చేతిలో ఉండదు, ఆటోస్టాండు చేతిలో ఉంటుంది.

ఈ పూట నేను చెప్పాలనుకున్నది ఇట్లాంటి ఆసుపత్రి కట్టడాల సంగతి. కర్నూలు, కడప సీమలో అవి ఎక్కడ లేచినాయి, ఎందుకు అక్కడే లేచినాయి, తర్వాత ఏమైనాయి అన్నది. నాకు తెలిసినంతలో, ఆసుపత్రి ఎక్కడ ఉండాలో రోగిని అడిగి కట్టిన దాఖలా ఈ సీమలో లేదు. ఒకచోట ఖాళీ స్థలం నిర్ణయించింది. ఒకచోట గాలి నిర్ణయించింది. ఇంకొకచోట, నమ్మండి నమ్మకపోండి, చేజారిన రాజధాని నిర్ణయించింది.

ముందుగా ఆసుపత్రి లేని కాలం నుంచి మొదలుపెడతాను. మన్రో దొర పేరు మీరు వినే ఉంటారు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు. ఊరూరా తిరిగి, చేను చేనూ కొలిపించి, రైతువారీ పద్ధతి పాదుకొల్పిన మనిషి. సీమ జనం పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారంటే ఆయన మీద ఎంత అభిమానమో చూడండి. తర్వాత మద్రాసు గవర్నరైనాడు. సొంత దేశానికి పోయేముందు పాత జిల్లాలను చివరిసారి చూసి పోదామని బయలుదేరినాడు. 1827 జూలై 6న పత్తికొండలో, కలరా తగిలి ప్రాణం విడిచినాడు. రాజధాని నగరంలో ఆయన మాటకు ఎదురులేదు. పత్తికొండలో కలరా ఆ సంగతి పట్టించుకోలేదు.

గవర్నమెంటు ఆయన జ్ఞాపకార్థం పత్తికొండలో ఏం కట్టించిందో తెలుసా? చింతతోపు వేయించి, రాతికట్టు బావి తవ్వించింది. ఆ కాలానికి అది ఘనమైన ధర్మకార్యమే, కాదనను. అయితే కలరా నీళ్ల గుండా వస్తుందని లండన్లో జాన్ స్నో అనే డాక్టరు నిరూపించే ప్రయత్నం చేసింది 1854లో. అంటే కలరాతో పోయిన మనిషి గుర్తుగా నీళ్లబావి తవ్వించినవాళ్లకు, ఆ జబ్బుకూ నీళ్లకూ సంబంధం ఉందన్న ఊహే లేదు.

బావుల మాట వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. మా సీమలో దిగుడుబావుల్లోకి మెట్లు దిగి, మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి కడవ ముంచుకునేవాళ్లం. నారికురుపు ఉన్నవాని కాలు తగిలిన ఆ నీళ్లు తాగడం వల్లనే ఆ జబ్బు ఇంకొకరికి పట్టేది. కాలిలో నుంచి తెల్లటి దారంలాంటి పురుగు బయటికొస్తే, దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగేవాళ్లు. మా జేజికి కుడికాలి మడమ మీద ఆ మచ్చ చచ్చేదాకా ఉండింది. ఆ జబ్బు దేశం నుంచే పోయిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్టు ఇచ్చింది. దానికోసం ఎక్కడా పెద్ద ఆసుపత్రి కట్టలేదు. బావుల మెట్లు మూసినారు, బోర్లు వేసినారు, నీళ్లు గుడ్డతో వడకట్టుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పినారు. ఆసుపత్రి కట్టడాల గురించి మాట్లాడేవాడు ఈ సంగతి మరిచిపోకూడదు కాబట్టి చెప్తున్నా.

ఇక కట్టడాల దగ్గరికి వద్దాం. లండన్ మిషన్ వాళ్లు కడపకు వచ్చింది 1822లో. మొదట బడులు, చర్చీలు. వైద్యం జోరందుకుంది చాలా తర్వాత, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, జమ్మలమడుగులో. అక్కడ పనిచేసిన డాక్టర్ టి.వి. క్యాంబెల్ పేరు మీదనే ఆ ఆసుపత్రి ఈనాటికీ క్యాంబెల్ ఆసుపత్రి. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిన తర్వాత దాని చేతికి వచ్చింది. మా వైపు పల్లెల్లో మాత్రం ఎవరూ క్యాంబెల్ అనరు. మిషన్ ఆసుపత్రి అంటారు, లేకుంటే ఉత్త 'మిషన్' అంటారు. "కాన్పుకు మిషన్‌కు పిల్చుకపోయినారు" అంటే చాలు, అర్థమైపోతుంది.

మిషన్ కాంపౌండ్లు మన ఊళ్లలో ఎక్కువగా ఊరి అంచున పడినాయి. కారణం మతమూ కాదు, వైద్యమూ కాదు. నడి ఊళ్లో అంత స్థలం ఎవరిస్తారు? ఊరి అంచున అయితే చవగ్గా దొరుకుతుంది, బావి తవ్వుకోవచ్చు, చెట్లు పెట్టుకోవచ్చు. చెట్లు ముఖ్యం. ఎందుకంటే మన సీమలో రోగి ఒక్కడే రాడు. రోగి ఒకరైతే వెంట నలుగురు. బండి కట్టుకుని వచ్చేవాళ్లు, ఎద్దులను చెట్టు కింద కట్టేసేవాళ్లు, మూడు రాళ్లు పెట్టి సంకటి కెలికేవాళ్లు. పుట్టిన బిడ్డకు అక్కడే ఉయ్యాల వేసేవాళ్లు. లోపల డాక్టరు నడిపేది ఒక ఆసుపత్రి, బయట చెట్ల కింద జనం నడుపుకునేది ఇంకొకటి. రెండోదానికి ప్లాను ఎవరూ గీయలేదు.

ఇంకొక మాట, జమ్మలమడుగు వైపు ఇండ్ల గురించి. దగ్గర్లోనే నార్జి. ఆ ఊరి పేరు మీదనే భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక రకం సున్నపురాతికి నార్జి సున్నపురాయి అని పేరు పెట్టినారు. బండ పగలగొడితే పలకలు పలకలుగా లేస్తుంది. నేలకు అదే, గోడకు అదే, కూర్చునే అరుగుకు అదే. ఎండాకాలంలో జ్వరంతో ఉన్నవాణ్ణి మంచం మీద నుంచి దింపి ఆ బండ మీద పడుకోబెట్టేవాళ్లు. కడప బండ చల్లగా ఉంటుందని డాక్టర్లకంటే ముందే మా అవ్వలకు తెలుసు.

పులివెందుల వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు డాక్టరు చదువు ముగించుకుని వచ్చి కొంతకాలం పనిచేసింది ఈ జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలోనే. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరున డెబ్బై పడకల ఆసుపత్రి పెట్టినారు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో కొంచెంసేపట్లో తెలుస్తుంది.

దానికంటే ముందు మదనపల్లెకు పోదాం. కడప గురించి మాట్లాడేవాడికి మదనపల్లె ఏమవుతుందంటారేమో. 1911 ఏప్రిల్ దాకా అది కడప జిల్లా తాలూకానే. చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు పోయింది. ఆ ఊరి బయట 1915లో తెరిచినారు ఆరోగ్యవరం శానిటోరియం. క్షయరోగుల కోసం అనేక మిషన్లు చేతులు కలిపి కట్టినది కాబట్టి యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం అన్నారు. మొదటి పెద్ద డాక్టరు డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్.

నేను చెప్పిన ఆసుపత్రులన్నిటిలో, ఊరికి దూరంగా ఉండటమే వైద్యంగా కట్టినది ఇదొక్కటే. క్షయకు మందు లేని కాలం అది. 1882లో కాక్ దొర ఆ క్రిమిని కనిపెట్టినాడు గానీ చంపే మందు రావడానికి ఇంకా అరవై ఏండ్లు పట్టింది. అంతదాకా డాక్టరు చేతిలో ఉన్నవి మూడే: విశ్రాంతి, మంచి తిండి, మంచి గాలి. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 2,300 అడుగుల ఎత్తు. ఎండలు కడపంత మంట పెట్టవు, గాలి పొడిగా ఉంటుంది. అందుకని వార్డులు కట్టేటప్పుడు గోడలు తగ్గించి వరండాలు పెంచినారు. రోగిని ఆ వరండాలో మంచం మీద నెలల తరబడి పడుకోబెట్టేవాళ్లు. గాలే మందైనప్పుడు గోడ అడ్డం కదా. మరీ అవసరమైతే రొమ్ములోకి సూదితో గాలి ఎక్కించి, చెడిన ఊపిరితిత్తిని ముడుచుకునేట్టు చేసి దానికీ విశ్రాంతి ఇచ్చేవాళ్లు.

చలం, శ్రీశ్రీ రాస్తున్న కాలంలో మదనపల్లెకు పోయినాడు అంటే ఊళ్లో గుసగుసగా చెప్పుకునేవాళ్లు. పెండ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లోనైతే ఆ మాట అసలు గడప దాటేది కాదు. ఆ దూరం రోగికి ఒకరకంగా మేలు కూడా చేసింది, ఎందుకంటే ఊరి కంట పడకుండా నయం చేసుకుని రావచ్చు. అయితే నెలల తరబడి పని మానుకుని పోగలిగేవాడు ఎవడు? కూలివానికి ఆ వరండా ఎంత దూరమో చెప్పడానికి మైళ్లు చాలవు.

1948 ఆగస్టులో మన దేశంలో బీసీజీ టీకా వేయడం మొదలైంది మదనపల్లెలోనే. అంతలో మందులు వచ్చినాయి, స్ట్రెప్టోమైసిన్, ప్యాస్, 1952లో ఐసోనియాజిడ్. 1956లో మద్రాసులో ఒక పరిశోధన కేంద్రం పెట్టి, పేదవాళ్లయిన క్షయరోగులను రెండు భాగాలు చేసినారు. సగం మందిని శానిటోరియంలో పెట్టినారు. సగం మందికి మాత్రలిచ్చి ఇంట్లోనే ఉండమన్నారు. ఇరుకిండ్లు, అరకొర తిండి, పనికి పోక తప్పని బతుకు. 1959లో ఫలితం అచ్చయింది. ఇంట్లో ఉన్నవాళ్లకూ శానిటోరియంలో ఉన్నవాళ్లకూ దాదాపు సమానంగానే నయమైంది. ఇంట్లోవాళ్లకు జబ్బు అంటుకోవడం కూడా అక్కడికంటే ఎక్కువ కాలేదు.

ఆ ఒక్క కాగితం ప్రపంచంలోని శానిటోరియాల పునాదులు కదిలించింది. కొండగాలి కోసం కట్టిన వరండాలకు పని లేకుండా పోయింది. ఐరోపాలో ఎన్నో శానిటోరియాలు హోటళ్లయినాయి. ఆరోగ్యవరం అట్లా కాకుండా అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రిగా మారి నిలబడింది. ఈనాడు దాని పేరు ఆరోగ్యవరం మెడికల్ సెంటర్. ఒక కట్టడం తాను నమ్మిన వైద్యం తప్పని తేలిన తర్వాత కూడా రోగులకు పనికివస్తూ ఉండటం చిన్న సంగతి కాదు. నన్నడిగితే సీమ ఆసుపత్రులన్నిటిలో దీని చరిత్రే అన్నిటికంటే ముందు రాయాల్సినది.

ఇక కర్నూలు. ఈ కథలో కొంచెం కడుపుమంట ఉంది, ఓర్చుకోండి. 1937లో శ్రీబాగ్ ఒడంబడిక. ఆంధ్ర రాష్ట్రం వస్తే రాజధాని గానీ హైకోర్టు గానీ సీమకు దక్కాలన్నది అందులో ఒక మాట. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధాని అయింది. నెహ్రూ వచ్చినారు, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి అయినారు. ఊళ్లో చాలినన్ని భవనాలేవి? డేరాలు వేసినారు. డేరాల్లో ఆఫీసులు, డేరాల్లో కాపురాలు. గాలిదుమ్ము లేస్తే ఫైళ్ల మీద రాళ్లు పెట్టి పట్టుకునేవాళ్లని పెద్దవాళ్లు చెప్పి నవ్వుతుంటారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు పోయింది. సరిగ్గా మూడేండ్ల ఒక నెల.

మరుసటి ఏడు, 1957లో, కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చింది. అప్పటికి ఆంధ్ర ప్రాంతంలో విశాఖపట్నంలో 1923 నుంచి, గుంటూరులో 1946 నుంచి మెడికల్ కాలేజీలు ఉన్నాయి. సీమలో ఇదే మొదటిది. కాకినాడ 1958లో, తిరుపతి 1960లో దీని వెనక వచ్చినాయి. రాజధాని పోతూ పోతూ ఖాళీ చేసిన జాగా కాలేజీకి కలిసొచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. "సెక్రటేరియట్ పోయె, దవాఖానా వచ్చె" అన్నాడు ఒకసారి నాతో ఒక ముసలాయన, బుధవారపేటలో టీ తాగుతూ. నవాబుల ఊరు కాబట్టి కర్నూలు పెద్దవాళ్ల నోట ఇప్పటికీ దవాఖానా అన్న మాట వినబడుతుంది. ఆయన దాన్ని నష్టంగా చెప్పినాడో లాభంగా చెప్పినాడో గొంతును బట్టి నాకు అర్థం కాలేదు.

నా లెక్కలో మాత్రం అది లాభమే. రాజధాని ఉండి ఉంటే కర్నూలుకు పైరవీకార్లు వచ్చేవాళ్లు. దవాఖానా వల్ల గద్వాల నుంచి, అలంపురం నుంచి, రాయచూరు నుంచి, బళ్లారి నుంచి రోగులు వచ్చినారు. మూడు రాష్ట్రాల జనానికి కర్నూలు పెద్దాసుపత్రి దిక్కయింది. రాజధాని ఎవరికి కావాలన్న వాదన ఇంకా తెగలేదు గానీ, ఆ ఆసుపత్రి ఎవరికి కావాలో తెల్లవారుజామున ఓపీ చీటీల వరుస చూస్తే తెలుస్తుంది.

కాలేజీ వచ్చిన తర్వాత ఊరికి డాక్టర్లు వచ్చినారు, డాక్టర్లు వచ్చిన తర్వాత డాక్టర్ల వీధులు వచ్చినాయి. కర్నూలులో ఎన్.ఆర్.పేట అట్లాంటిది. ఆ వైపు నేను నలభై ఏండ్లుగా చూస్తున్న మిద్దె ఒకటి ఉంది. పేరు చెప్పను, దానికిప్పుడు పేరు కూడా లేదు. ఆ ఒక్క మిద్దె కథ చెప్తే ఊరి వైద్యం కథ అంతా చెప్పినట్టే.

నేను మొదట చూసినప్పుడు అది డాక్టరు గారి ఇల్లు. ముందర అరుగు, అరుగు మీద రెండు బల్లలు. వీధి వైపు గదిలో డాక్టరు, పక్క గదిలో కాంపౌండరు, వెనకంతా కాపురం. వంటింట్లో పోపు వాసన అరుగు దాకా వచ్చేది. పొద్దున గవర్నమెంటు ఆసుపత్రి డ్యూటీ, సాయంత్రం ఇక్కడ. సీసా మనమే తీసుకుపోవాలి. కాంపౌండరు అందులో ఎర్రమందు పోసి, కాగితం ముక్క అంచులు కత్తిరించి సీసాకు అంటించేవాడు, ఒక్కో గాటు ఒక్కో మోతాదు. ఫీజు ఎంతని ఎక్కడా రాసి ఉండేది కాదు. ఇచ్చింది డాక్టరు గారు టేబుల్ సొరుగులో వేసుకునేవారు. వేరుశనక్కాయల కాలంలో కాయలు కూడా వచ్చేవి.

తర్వాత మిద్దె మీద మిద్దె లేచింది. కాపురం పైకి పోయింది, కింద ఆరు మంచాలు పడినాయి. నర్సింగ్ హోమ్ అయింది. ఆ మెట్లు చాలా ఇరుకు. కాన్పు నొప్పులు పడే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకుపోయేవాళ్లు. ఇల్లు కట్టిన మేస్త్రీ అది ఆసుపత్రి అవుతుందని కలగన్నాడా? తర్వాత స్కానింగ్ మిషన్ వచ్చింది. 1994 చట్టం వచ్చిన తర్వాత, పుట్టబోయేది ఆడో మగో చెప్పబోమన్న బోర్డు గోడకెక్కింది. 1998లో ఆసుపత్రి చెత్త మీద నిబంధనలు రావడంతో పసుపు సంచులు, ఎర్ర సంచులు వచ్చినాయి. 2002లో ప్రైవేటు ఆసుపత్రులు రిజిస్టరు చేసుకోవాలని మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఒక్కొక్క చట్టం వచ్చినప్పుడల్లా ఆ మిద్దెలో ఒక గది కాపురం నుంచి ఆఫీసుకు మారింది.

దాన్ని నిజంగా ఖాళీ చేయించింది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై రాష్ట్రమంతా పాకింది. తెల్లకార్డు ఉన్న రోగికి పెద్ద ఆపరేషన్ ఉచితంగా చేస్తే ఆ డబ్బు గవర్నమెంటు ఇచ్చేది. అయితే జాబితాలో చేరాలంటే పడకలు ఇన్ని ఉండాలి, ఆపరేషన్ గది ఇట్లా ఉండాలి అని షరతులు. ఆరు మంచాల మిద్దెకు అక్కడ చోటు లేదు. డాక్టరు గారి పిల్లలు ఊరి బయట రోడ్డు పక్కన లిఫ్టు, ర్యాంపు, అంబులెన్స్ తిరిగేంత ముందర జాగా ఉన్న ఆసుపత్రి కట్టుకున్నారు. వాళ్లను తప్పు పట్టను, ఆ ఇరుకు మెట్లు నేను చూసినాను కదా. పాత మిద్దెలో ఇప్పుడు కింద రక్తపరీక్షల ల్యాబు, మందుల షాపు. పైన, పెద్దాసుపత్రికి వచ్చిన రోగుల వెంబడి వచ్చేవాళ్లకు అద్దె గదులు. టైల్స్ వేసినారు గానీ మెట్ల కింద వేయలేదు. అక్కడ వంగి చూస్తే బేతంచెర్ల బండలు, వాటి మీద దశాబ్దాల అరుగుదల కనబడుతుంది.

ఇప్పుడు మళ్లీ కడప. కర్నూలుకు 1957లో మెడికల్ కాలేజీ వస్తే కడపకు వచ్చింది 2006లో. నలభై తొమ్మిదేండ్ల తేడా. ఆ మధ్యకాలంలో మా వైపు ప్రాణం మీదికి వస్తే కర్నూలుకో తిరుపతికో వేలూరికో మద్రాసుకో. జమ్మలమడుగు మిషన్‌లో పనిచేసిన డాక్టరు గారు 2004లో ముఖ్యమంత్రి అయినారు. రెండేండ్లకు రాజీవ్ గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ కడపకు వచ్చింది. ఆ పేరుతో ఒంగోలు, శ్రీకాకుళం, ఆదిలాబాదుల్లో కూడా వచ్చినాయి.

అంత పెద్ద కాలేజీ, ఆసుపత్రి, హాస్టళ్లు నడి ఊళ్లో పట్టవు. పుట్లంపల్లె వైపు పోవలసి వచ్చింది. మొదట్లో అక్కడికి పోవడమంటే పొలాల్లోకి పోయినట్టుండేది. ఇప్పుడు పోయి చూడండి. ఊరి బయట కట్టిన ఆసుపత్రి ఊరి బయట ఎంతోకాలం ఉండదు. ముందు టీకొట్టు వస్తుంది, దాని పక్కన మందుల షాపు, తర్వాత టిఫిన్ బండి, ఆటోస్టాండు, జిరాక్సు, లాడ్జి. గుడి ఎట్లాగూ వస్తుంది. మనిషి బాధలో ఉన్నచోటికి వ్యాపారం పరుగెత్తుకుని వస్తుంది, వెనకాలే రియల్ ఎస్టేటు వస్తుంది.

ఈ పోవడంలో దెబ్బ ఎవరికి? కారు ఉన్నవానికి ఊరి నడుమైనా ఒకటే, ఊరి బయటైనా ఒకటే. 2005 ఆగస్టు 15న 108 మొదలైనాక ప్రాణం మీదికొచ్చినవాణ్ణి తీసుకుపోయే బండి కూడా వచ్చింది. పోయేటప్పుడు 108 ఉంది, వచ్చేటప్పుడు లేదు. బీపీ మాత్రలకని నెలనెలా పోయే ముసలామె, ఆసుపత్రిలో పడుకున్న మొగునికి క్యారియరు పట్టుకుపోయే పెండ్లాం, వీళ్లు రెండు ఆటోలు మారాలి. మా బంధువు ఒకామె, ఊరి పేరూ ఆసుపత్రి పేరూ చెప్పను, కొత్తచోటికి మారిందని తెలియక పాత గేటు ముందు దిగి, మూతబడిన తలుపు చూసి, మళ్లీ బస్సెక్కి ఇంటికొచ్చేసింది. "డాక్టర్లు లేచిపోయినారంట" అన్నది. ఆసుపత్రి మారినప్పుడు పేపర్లో ప్రకటన ఇస్తారు. పేపరు చదివేవాళ్లు ఆ ఆసుపత్రికి ఎంతమంది పోతారని నా అనుమానం. పెద్దాసుపత్రి ఊరి బయటికి పోయిన ప్రతిచోటా, పాత ఆవరణలో పగలంతా చిన్నజబ్బులు చూసే ఓపీ ఒకటి, అక్కడి నుంచి కొత్తదానికి రోగులకు బస్సు ఒకటి ఉండి తీరాలి. అదేమంత పెద్ద పని కాదు.

కడప పాత ఆవరణ గురించి నా మనసులో ఇంకొక కోరిక ఉంది. ఇదే ఊళ్లో సి.పి. బ్రౌన్ దొర బంగళా ఉండిన స్థలం ఒకప్పుడు మొండిగోడలు, పిచ్చిచెట్లు. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టు విడవకుండా తిరిగి తిరిగి అక్కడ బ్రౌన్ పేరున గ్రంథాలయం నిలబెట్టినారు. నిఘంటువు రాసిన మనిషికి అంత చేసుకున్న ఊరు, లక్షల మంది పుట్టిన కాన్పుల వార్డుకు ఒక గది కేటాయించలేదా? ఎక్కువ అడగడం లేదు, ఒక్క గది.

ఆ గదిలో పెట్టడానికి ఏముందంటారా? మీ ఇండ్లలోనే ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు ఎన్ని ఇండ్ల కాగితాలు బురదలో పోయినాయో ఆ ఊరివాళ్లకు తెలుసు. పోయినవి పోగా మిగిలినవైనా దాచుకోవాలి. పాత ఓపీ చీటీ, మోతాదు కాగితం అంటించిన ఎర్రమందు సీసా, శానిటోరియం నుంచి రాసిన ఉత్తరం, మిషన్ ఆసుపత్రి చెట్టు కింద బిడ్డను ఎత్తుకుని తీయించుకున్న ఫోటో, ఇట్లాంటివి ఏవైనా మీ ట్రంకుపెట్టెలో ఉంటే పాతపేపర్ల వానికి వేయకండి. వాటి వెనక పెన్సిలుతో మూడు సంగతులు రాసిపెట్టండి: ఏ ఊరు, ఏ ఏడు, ఎవరి జబ్బు. పెన్సిలుతోనే రాయండి, సిరా తడికి చెరిగిపోతుంది.